తెలిసినవాడికీ తేల్చేవాడికీ మధ్య
హోసూరు, కృష్ణగిరి సీమలో అంకెలు నడిచిన దారి: ఒక సమీక్ష

2011 జనగణనలో మాతృభాష గడిలో దేశమంతటా నమోదైన పేర్లు 19,569. జనగణన శాఖ వీటికి పెట్టిన పేరు ముడి జవాబులు. ఒకే భాషను నాలుగు రకాలుగా రాసిన చోట్లు సరిచేసి, ఒకే మాటకున్న పలు పేర్లు కలిపి, భాషావేత్తలు 1,369 మాతృభాషలు తేల్చారు. ఏ గంపలోనూ పడని 1,474 పేర్లు పక్కన పెట్టారు. పదివేల మందికి తక్కువ కాకుండా మాట్లాడేవాటిని గుంపులు కడితే 121 భాషలయ్యాయి. వాటిలో తెలుగుది 8 కోట్ల 11 లక్షల మందితో నాలుగో స్థానం. 2001లో మూడో స్థానం. పదేళ్లలో మరాఠీ ముందుకు పోయింది.

తమిళనాడులోని హోసూరు, దేన్కనికోట, సూళగిరి, కృష్ణగిరి తెలుగువాళ్లు కూడా ఈ 8 కోట్లలో ఉన్నారు. గడప దగ్గర నిలబడి వాళ్లు చెప్పిన ఒక్క మాట ముడి జవాబు అయింది, జవాబు శాతమైంది, శాతం మీద బడి ఉండాలా వద్దా అన్న తీర్మానం ఆధారపడింది. దత్తాంశం సమాచారమై, సమాచారం జ్ఞానమై, జ్ఞానం వివేకమవుతుందని పాఠ్యపుస్తకాలు గీసే నాలుగు మెట్ల బొమ్మకు ఇంతకంటే దగ్గరి ఉదాహరణ వెతకనక్కర్లేదు. అయితే ఆ బొమ్మ సరైనదేనా అన్న తగువు నలభై ఏళ్లుగా తెగలేదు. ఇప్పుడు కృత్రిమ మేధ వచ్చి దాన్ని మరింత చిక్కు చేసింది. ఎవరు ఏమన్నారో, ఏది తేలిందో, ఏది తేలలేదో ఈ సీమను ముందు పెట్టుకుని చూద్దాం. రెండు వందల ఏళ్ల పైబడి ఎడతెగకుండా కొలిపించుకుంటున్న సీమ ఇది.

మెట్లు కట్టినవారు

నిచ్చెన ఊహ మొదట కవిత్వంలో తొంగిచూసింది. టి.ఎస్. ఎలియట్ 1934లో రాసిన 'ది రాక్' అనే కావ్యనాటకంలో జ్ఞానం, సమాచారం పెరిగేకొద్దీ వివేకం జారిపోతోందన్న వేదన ఉంది. దాన్ని పట్టుకుని హార్లన్ క్లీవ్‌లాండ్ 1982లో సమాచారాన్ని ఒక వనరుగా చర్చించాడు. 1987లో మిలాన్ జెలెనీ ఇదే వరుసను యాజమాన్య శాస్త్రంలోకి తెచ్చాడు. బొమ్మ స్థిరపడింది మాత్రం రసెల్ ఏకాఫ్ 1989లో అచ్చు వేసిన ప్రసంగంతో. ఆయన లెక్కలో మెట్లు నాలుగు కాదు, అయిదు. జ్ఞానానికీ వివేకానికీ నడుమ 'అవగాహన' అనే మెట్టు ఉండేది. తరవాతివాళ్లు దాన్ని ఎత్తేశారు. మనిషి బుర్రలో ఉండేదాంట్లో నలభై శాతం దత్తాంశం, ముప్పై సమాచారం, ఇరవై జ్ఞానం, పది అవగాహన, వివేకం దాదాపు సున్నా అని కూడా ఏకాఫ్ అన్నాడు. ఇవి కొలిచి చెప్పిన శాతాలు కావు, ఆయన అంచనాలు. ముడి అంకెల గురించి మాట్లాడే ప్రసంగంలోనే అంకెలు ఇలా పుట్టుకు రావడం తమాషా.

2007లో జెనిఫర్ రౌలీ అప్పటికి వాడుకలో ఉన్న పలు పాఠ్యపుస్తకాలు తిరగేసి చూసింది. మెట్ల పేర్ల మీద దాదాపు ఏకాభిప్రాయమే. ఒక మెట్టు నుంచి పై మెట్టుకు ఎలా ఎక్కుతామన్న దగ్గర మాత్రం అంతగా పొసగలేదు. నిచ్చెనకు అడ్డకమ్మెలున్నాయి, వాటిని కలిపే నిలువు కర్రలు లేవన్నమాట. 2009లో మార్టిన్ ఫ్రికే ఇంకా గట్టిగా పడ్డాడు. ముందు అన్నీ పోగేయండి, అర్థం తరవాత దానంతట అదే తేలుతుందన్న గుడ్డి నమ్మకాన్ని ఈ పిరమిడ్ పెంచుతుందని ఆయన ఆరోపణ.

బారామహల్: కొలతకు ముందు ప్రశ్న

1792 శ్రీరంగపట్నం సంధితో టిప్పు సుల్తాను బారామహల్‌ను కుంఫిణీకి వదులుకున్నాడు. నేటి కృష్ణగిరి ప్రాంతం అందులోది. హోసూరు భాగం 1799లో టిప్పు పతనం తరవాత వచ్చి చేరింది. కొత్త సీమ పాలనను గవర్నర్ జనరల్ కారన్‌వాలీసు కెప్టెన్ అలెగ్జాండర్ రీడ్‌కు అప్పగించాడు. రీడ్ కింద మన్రో, మెక్లియడ్, గ్రాహం పనిచేశారు. వీళ్లు జమీందారు చేతికి పగ్గాలిచ్చే బెంగాల్ పద్ధతి జోలికి పోకుండా పొలం పొలం కొలిపించి, రైతు రైతుకీ శిస్తు కట్టారు. రైత్వారీకి పురుడు పోసింది ఇక్కడే. ఆ కాగితాలను మద్రాసు ప్రభుత్వం ఇరవయ్యో శతాబ్దం తొలినాళ్లలో 'బారామహల్ రికార్డులు' పేర సంపుటాలుగా వేసింది. నివాసులు, పంటలు, ఆస్తి, భూమిశిస్తు అంటూ విభాగాలు. దత్తాంశ నిధి అని ఇవాళ మనం అనేదానికి అది అచ్చమైన నమూనా.

మెట్లవాదులకు ఇది తమ వాదానికి దొరికిన సాక్ష్యంలా కనిపిస్తుంది. పొలం కొలత దత్తాంశం, జమాబందీ సమాచారం, రైత్వారీ సిద్ధాంతం జ్ఞానం. కానీ దగ్గరికెళ్లి చూస్తే కథ అడ్డం తిరుగుతుంది. ఆ పొలం ఎంతో, ఏ మడికి నీరు ఎక్కుతుందో, ఏ చెలక నాలుగేళ్లకోసారి బీడు పడుతుందో రైతుకు ముందే తెలుసు. ఊరి కరణానికీ తెలుసు. తెలియనిది రీడ్‌కు. కొలత పుట్టింది ఆ తెలియనితనం నుంచి. ఎంత శిస్తు రాబట్టవచ్చు అన్న ప్రశ్న ముందు పుట్టి, దానికి తగ్గ గొలుసు తరవాత పొలంలో పడింది. శిస్తుతో పనిలేని విషయాలు గొలుసుకు అందలేదు.

పై మెట్టు సంగతి ఇంకా ఆసక్తికరం. మన్రో 1800లో దత్తమండలాలకు, అంటే స్థూలంగా నేటి రాయలసీమకు కలెక్టరుగా వెళ్లాడు. బారామహల్ అనుభవంతో అక్కడా కొలిపించాడు. 1807లో వెళ్లిపోతూ, వేసిన శిస్తు రైతు మోయలేడు, మొత్తం మీద నాలుగో వంతు తగ్గించండి, భూమి వద్దనుకుంటే వదులుకునే స్వేచ్ఛ ఇవ్వండి అని రాశాడు. మద్రాసు ప్రభుత్వం వినలేదు. రైత్వారీనే పక్కనపెట్టి గ్రామాలను గుత్తకిచ్చింది. 1820లో మన్రో స్వయంగా గవర్నరై వచ్చాకే రైత్వారీకి మళ్లీ ఊపిరి వచ్చింది. లెక్క ఒక్కటే, కాగితాలూ అవే. ఒకరికి రైతు బరువు కనబడింది, ఇంకొకరికి ఖజానా కనబడింది. దత్తాంశంలోంచి వివేకం పొంగి వచ్చేదే అయితే ఇద్దరికీ ఒకటే వచ్చి ఉండాలి.

అదే కాలంలో కాలిన్ మెకంజీ మైసూరు సర్వే చేస్తూ, కావలి బొర్రయ్య, లక్ష్మయ్య అనే ఏలూరు సోదరుల చేత ఊళ్ల చరిత్రలు, శాసనాలు, కైఫీయతులు సేకరింపజేశాడు. రీడ్ ఊరిని ఎకరాల్లో పట్టుకున్నాడు, కావలి సోదరులు ఊరు తన గురించి తాను చెప్పుకునే మాటల్లో పట్టుకున్నారు. ఖజానాకు పనికొచ్చినవి ఎకరాలే.

తలకిందులు చేసినవారు

ఫిన్లాండు పరిశోధకుడు ఇల్కా తువోమీ 1999లో నిచ్చెనను తిరగేశాడు. జ్ఞానం ముందు, దాన్ని మాటల్లో పెడితే సమాచారం, గడుల్లో బిగిస్తే దత్తాంశం అన్నాడు. గడి గీయాలంటే ఏ గడి కావాలో ముందే తెలిసి ఉండాలి కదా. 2013లో లీసా గిటెల్‌మన్ సంపాదకత్వంలో వచ్చిన వ్యాససంపుటికి పెట్టిన పేరుకు తెలుగులో అర్థం చెప్పాలంటే, ముడి దత్తాంశమన్నదే వదతో వ్యాఘాతం. మరుసటి ఏడు రాబ్ కిచిన్ మాటనే పట్టుకున్నాడు. లాటిన్‌లో డేటా అంటే ఇచ్చినవి. నిజానికి ఇవి ఎవరూ ఇచ్చినవి కావు, మనం తీసుకున్నవి. మన తెలుగు మాట కూడా అదే పొరపాటును మోస్తోంది. దత్తం అంటే ఇవ్వబడినది. గృహీతం అనాల్సిందేమో. ఇంత వాడుకైపోయాక మార్చలేం.

ఈ వర్గానికి హోసూరు సీమ ఇచ్చినంత సాక్ష్యం ఇంకేదీ ఇవ్వదు. ముందు తమిళనాడు మొత్తాన్ని చూడండి. 1991లో తెలుగు మాతృభాషగా చెప్పినవాళ్లు 39 లక్షల 75 వేల మంది, జనాభాలో 7.1 శాతం. 2001లో 35 లక్షల 27 వేలు, 5.65 శాతం. 2011లో 42 లక్షల 34 వేలు, 5.87 శాతం. పదేళ్లలో నాలుగున్నర లక్షలు తగ్గి, తరవాతి పదేళ్లలో ఏడు లక్షలు పెరగడం జననమరణాల వల్ల జరిగే పని కాదు. ఇంట్లో తెలుగు మానేశారా? ఆంధ్ర నుంచి చెన్నైకి కొత్తగా వలస వచ్చినవాళ్ల అంకె పాతవాళ్ల తరుగును కప్పేసిందా? బడిలో తమిళం చదివే పిల్లలున్న ఇంట్లో మా భాష తమిళమే అని చెప్పారా? అడగకుండానే గణకుడు రాసుకున్నాడా? మూడు అంకెలూ ఈ నాలుగు వివరణలకూ సమానంగా తలూపుతాయి. ఏది నిజమో ఊళ్లో వాళ్లకు తెలుసు. ఆ సంగతి రాయడానికి పత్రంలో గడి లేదు.

గడి మీద కూడా ఒక నిర్వచనం కూర్చుని ఉంది. జనగణన లెక్కలో మాతృభాష అంటే చిన్ననాట తల్లి తనతో మాట్లాడిన భాష. తల్లి లేకపోతే ఆ ఇంట్లో ఎక్కువగా మాట్లాడిన భాష. ఇల్లు తెలుగు, సంత తమిళం, పక్కవీధి కన్నడం, పాతపేటలో ఉర్దూ అయిన హోసూరు మనిషి ఒక్క పేరు చెప్పాలి. తక్కిన భాషలకు ఇంకో రెండు గడులున్నాయి, నిజమే. కానీ శాతాలు, హక్కులు, వార్తలు అన్నీ మొదటి గడి మీదే నడుస్తాయి.

ఆ శాతం ఎక్కడికి పోతుందో కూడా చూడాలి. 1949 విద్యామంత్రుల సమావేశం ఒక సూత్రం పెట్టింది: బడిలో 40 మంది, లేదా తరగతిలో 10 మంది పిల్లలుంటే ప్రాథమిక విద్య వాళ్ల మాతృభాషలో చెప్పాలి. 1956 రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణప్పుడు రాజ్యాంగానికి 350ఎ, 350బి అధికరణాలు చేరాయి, భాషాపర అల్పసంఖ్యాకుల కమిషనరు వచ్చాడు. ఒక ప్రాంత జనాభాలో 15 శాతం ఉంటే ముఖ్యమైన ప్రకటనలు వాళ్ల భాషలోనూ వేయాలి. జిల్లాలో 60 శాతం ఉంటే ఆ భాషకు అదనపు అధికార హోదా ఆలోచించాలి. ఆంధ్ర, మద్రాసు రాష్ట్రాల సరిహద్దు తగువులో మధ్యవర్తి పటాస్కర్ గ్రామాన్ని కొలమానంగా తీసుకుని, భాషాధిక్యం, భూమి కలిసి ఉండటం చూసి గీత గీయించాడు. 1960లో ఆ గీత అమలైంది.

ఇక్కడ వివేకం ఎక్కడ ఉంది? చివరి మెట్టు మీద లేదు. 40, 10, 15, 60 అనే అంకెల్లో ముందే కూర్చుని ఉంది. తొమ్మిదిమంది పిల్లలున్న తరగతికి ఎందుకు అక్కర్లేదో, పదిమందికి ఎందుకు కావాలో ఏ లెక్కా చెప్పదు. అది ఒకనాడు ఒక గదిలో కొందరు చేసిన తీర్పు. జిల్లాలు విడగొడితే శాతాలూ మారతాయి. 2004లో ధర్మపురి నుంచి కృష్ణగిరి వేరు జిల్లా అయింది. మనుషులు ఎక్కడివాళ్లక్కడే ఉన్నారు, వాళ్లను భాగించే అంకె మారింది.

2006 తమిళ బోధన చట్టం దీనికి ఇంకో కొస. ఒకటో తరగతితో మొదలై ఏటా ఒక తరగతి చొప్పున తమిళం తప్పనిసరి అవుతూ, 2015-16కు పదో తరగతికి చేరింది. అల్పసంఖ్యాక భాషల విద్యార్థుల తరఫున కోర్టుల్లో మినహాయింపులు వచ్చాయి. 2023 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఇచ్చింది కూడా ఆ ఏటి పరీక్షకు మాత్రమే. రాష్ట్ర భాష అందరికీ రావాలన్న వాదంలో న్యాయం ఉంది. ఇంటి భాషలో అక్షరం ముక్క రాకుండా పెరిగే పిల్లల సంగతేమిటన్న వాదంలోనూ ఉంది. ఈ రెంటినీ తూచే తక్కెడ జనగణన పట్టికలో దొరకదు.

లెక్కలో ఉంది, పదకోశంలో లేదు

గ్రియర్సన్ భారత భాషా సర్వే మద్రాసు, మైసూరు, హైదరాబాదు సీమల్లోకి రాలేదు. 1906లో వచ్చిన నాలుగో సంపుటంలో తెలుగు ఉంది. కానీ అందులో వివరించిన మాండలికాలు ఎక్కువగా బొంబాయి, మధ్యపరగణాల వైపు వెళ్లిన తెలుగువాళ్లవి. కామాఠీ, సాలేవారీ, దాసరి, వడరి లాంటివి. నూరేళ్లు గడిచాక కూడా జనగణన పట్టికలో తెలుగు కింద విడిగా కనిపించే పేరు ఆ వడరి ఒక్కటే. ఒకసారి గీసిన గడి ఎంత మొండిదో దీంతో తెలుస్తుంది.

ఆ తరవాత భద్రిరాజు కృష్ణమూర్తి మాండలిక వృత్తిపదకోశం చేపట్టారు. వ్యవసాయ పదాల తొలి సంపుటం 1962లో వచ్చింది. ఊరూరా తిరిగి, నాగలి భాగాల నుంచి కళ్లం పనుల దాకా రైతు నోటి మాటనే రాసుకున్న మహత్తర కార్యం అది. తెలుగులో ముడి మాటను శాస్త్రం చేసిన పనికి దాన్ని మించిన నమూనా లేదని నా అభిప్రాయం. కానీ సర్వే చేసింది ఆంధ్రప్రదేశ్ జిల్లాల్లో. రాష్ట్రపు గీత దాటి హోసూరు రాగిచేలలోకి ఆ పుస్తకం రాలేదు. అది కృష్ణమూర్తి తప్పు కాదు. పదకోశం వేసిన ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ డబ్బు ఎక్కడిదో సర్వే అక్కడే ఆగుతుంది.

అంటే ఈ సీమ తెలుగు గురించి మనకు ఉన్నది తలల లెక్క. మాటల లెక్క కాదు. ఆ లోటు పూడ్చింది ఏ శాఖా కాదు, రచయితలు. హోసూరు, కృష్ణగిరి, కోలారు, బెంగుళూరు చుట్టుపట్ల తెలుగును మొరసునాటి తెలుగుగా గుర్తించి, ఆ యాసలోనే కథలు రాసి, సంకలనం చేసి అచ్చు వేశారు. కథను దత్తాంశమనాలా జ్ఞానమనాలా? నిచ్చెనలో దానికి మెట్టు లేదు. అది నిచ్చెన లోపమే.

నీటి లెక్క

మెట్ల వాదానికి బలమైన సాక్ష్యం కూడా ఈ జిల్లాలోనే ఉంది. పక్షపాతం లేకుండా చెప్పాలంటే దాన్నీ చెప్పాలి. ధర్మపురి, కృష్ణగిరి రాతినేలలో బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఉంది. పిల్లల పళ్లు గార పట్టడం, పెద్దల నడుములు వంగిపోవడం ఊళ్లకు తెలుసు. ఎందుకో తెలియదు. ఆ ఎందుకుకు జవాబు దేశంలో మొదట దొరికింది తెలుగునేల మీదే. నాటి నెల్లూరు జిల్లాలో ఈ జబ్బును గుర్తించి షార్ట్, పండిట్, రాఘవాచారి 1937లో రాశారు. కొలత లేకపోతే నీళ్లమీద అనుమానమే ఉండేది కాదు. కంటికి తేటగా, నోటికి బాగానే ఉండే నీళ్లు అవి. తెలిసినవాడికి తెలియనిదాన్ని ఇక్కడ అంకె చెప్పింది.

కానీ అంకె ఎక్కడ సమాచారమైంది? లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది. మన ప్రమాణాలు 1.0 మేలు, వేరే నీరు దొరకని చోట 1.5 దాకా సరేనంటాయి. వేడిదేశంలో మనిషి రోజుకు తాగే నీళ్లు ఎక్కువ అన్న ఇంగితం ఆ తేడాలో ఉంది. వేరే నీరు దొరకని చోట అన్న మాటలో రాజకీయం కూడా ఉంది. అంటే సమాచారం అనే రెండో మెట్టు కట్టడానికే నాలుగో మెట్టు ఇటుకలు కావాల్సి వచ్చాయి.

చేయాల్సిన పని మీదా రెండు దార్లు కనబడ్డాయి. పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్ దించే నల్లగొండ పద్ధతిని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ (నీరీ) శాస్త్రవేత్తలు రూపొందించారు. చవకే. కానీ రోజూ పాళ్లు చూసి కలిపే మనిషి ఊళ్లో ఉండాలి. రెండోది, బోరు మానేసి నది నీరు తేవడం. ధర్మపురి, కృష్ణగిరి జిల్లాలకు జపాన్ ఋణంతో హొగేనకల్ పథకం 2008లో శంకుస్థాపన చేసుకుని 2013లో మొదలైంది. ఖర్చు 1,900 కోట్లకు పైనే. నడుమ కర్ణాటకతో రగడ. మొదటిది ఎక్కువ శాస్త్రం, తక్కువ డబ్బు. రెండోది ఎక్కువ డబ్బు, ఎక్కువ తగువు. ఊరి మనిషి నిత్యం ఏం చేయగలడు, ఏం చేయలేడు అన్నది చూస్తే రెండోదే మెరుగని తేలింది. తెలంగాణలో మిషన్ భగీరథ కూడా ఆ దారే పట్టింది.

దీనికి పూర్తి విరుద్ధమైన బొమ్మ హోసూరు పక్కనే కెలవరపల్లి జలాశయం దగ్గర కనిపిస్తుంది. బెంగుళూరు మురుగు మోసుకొచ్చే దక్షిణ పినాకిని అక్కడ గుట్టలు గుట్టలుగా నురగ కక్కుతుంది. ఆ నీళ్లు పాడయ్యాయని తెలుసుకోవడానికి ఏ మీటరూ అక్కర్లేదు, ముక్కు చాలు. అయినా నమూనాలు తీస్తూనే ఉంటారు. ఆ కొలత రైతు కోసం కాదు. ఎగువన ఉన్న రాష్ట్రాన్ని, కోర్టును ఒప్పించడం కోసం.

చేతికి తెలిసినది

మూడో వర్గం మైకేల్ పొలానీది. మనం చెప్పగలిగినదానికంటే మనకు తెలిసింది ఎక్కువ అన్నది 1966లో ఆయన పుస్తకపు సారం. నొనాకా, తకెయూచీలు 1995లో జపాన్ కర్మాగారాలు చూపించి, చేతికి తెలిసినదాన్ని మాటలోకి, మాటలోనిదాన్ని మళ్లీ చేతిలోకి తిప్పడమే జ్ఞానసృష్టి అన్నారు. నిచ్చెన పోయి గానుగ వచ్చింది.

హోసూరుకు ఇది పుస్తకాల సంగతి కాదు. డెబ్భైల నుంచి పెరిగిన సిప్‌కాట్ పారిశ్రామికవాడలో టీవీఎస్, అశోక్ లేలాండ్, టైటన్ వరసగా వచ్చాయి. టీవీఎస్ మోటార్ 2002లో నాణ్యతకు ఇచ్చే డెమింగ్ బహుమతి గెలిచింది. డెమింగ్ పద్ధతిలో యంత్రం దగ్గరి మనిషే కొలుస్తాడు, తానే పటం గీస్తాడు, తేడా తానే పసిగడతాడు. అక్కడ కొలిచేవాడూ తేల్చేవాడూ చాలావరకు ఒక్కడే. సిద్ధాంతం లేని అంకె ఏమీ నేర్పదన్నది డెమింగ్ పట్టుదల. ఈ విషయంలో ఆయన తువోమీ పక్షమే, ఇద్దరూ ఒకరినొకరు చదివినా చదవకపోయినా.

పల్లె వైపు ఇందుకు ఎదురు నడక సాగింది. కరణం దగ్గరున్న చిట్టా, అడంగల్ కంటే కరణం బుర్రలో ఉన్నది ఎక్కువ. ఆ ఎక్కువతోనే కొన్ని తరాలు ఊళ్లను ఆడించారన్నదీ నిజమే. తమిళనాట ఎం.జి.ఆర్. 1980లో, ఆంధ్రలో ఎన్.టి.ఆర్. 1984లో వంశపారంపర్య గ్రామాధికారులను తీసేశారు. చిట్టా మిగిలింది, ఇప్పుడు కంప్యూటరులోకీ ఎక్కింది. పెత్తనం పోవడం మంచిదే. దానితో పాటు, ఈ గట్టు మీద ఎవరికి ఎవరితో ఏ ఒప్పందం ఉందో చెప్పగల నోరు కూడా పోయింది.

ప్రమాణం అడిగినవారు

పాశ్చాత్య చర్చలో వినబడని నాలుగో గొంతు మనదే. పదిహేడో శతాబ్దపు తెలుగు పండితుడు అన్నంభట్టు తర్కసంగ్రహంలో జ్ఞానాన్ని మెట్లుగా పేర్చలేదు. స్మృతి, అనుభవం అని విడదీసి, అనుభవాన్ని యథార్థం, అయథార్థం అన్నాడు. యథార్థానికి దారులు నాలుగు: ప్రత్యక్షం, అనుమానం, ఉపమానం, శబ్దం. శబ్దం అంటే ఆప్తుడి మాట, విషయం ఉన్నదున్నట్టు చెప్పేవాడి మాట. ఇక్కడ మొదటి ప్రశ్న, ఇది ఏ మెట్టు మీద ఉంది అని కాదు. ఇది నీకు ఎలా తెలిసింది అని.

ఈ ప్రశ్న వేసుకుంటే చాలా చిక్కులు విడతాయి. ఫ్లోరైడ్ అంకె ప్రత్యక్షం నుంచి అనుమానానికి నడిచింది, కాబట్టి మళ్లీ కొలిచి సరిచూడవచ్చు. మాతృభాష జవాబు శబ్దం. చెప్పినవాడు, రాసుకున్నవాడు ఆప్తులైతేనే దానికి విలువ. ఈ రెంటినీ ఒకే పట్టికలో పక్కపక్కన పెట్టి రెండూ దత్తాంశమే అనడం దగ్గరే పొరపాటు మొదలవుతుంది. నాలుగు వర్గాల్లో నాకు ఎక్కువ పనికొచ్చింది ఇదే. దీని లోటూ ఉంది. ఒక మనిషికి తెలియడం గురించే ఇది మాట్లాడుతుంది, లక్షల మంది జవాబులు ఒక శాఖకు ఎలా తెలుస్తాయో చెప్పదు.

పక్కపక్కన పెట్టి చూస్తే

మెట్లవాదులు దారి చూపిస్తారు కానీ ఎక్కే పద్ధతి చెప్పరు. ఫ్లోరైడ్ లాంటి కంటికి కనబడని సంగతుల్లో వాళ్ల మాట నిలుస్తుంది. తలకిందుల వాదులు గడిలో దాగిన తీర్పును బయటపెడతారు, జనగణనకు వాళ్లే సరైన వ్యాఖ్యాతలు. అయితే ప్రతి గడీ పక్షపాతమే అని ఊరుకుంటే రేపు బడి కావాలని అడగడానికి చేతిలో అంకె మిగలదు. పొలానీ వర్గం యంత్రం దగ్గర, పొలం గట్టు మీద గెలుస్తుంది, ఢిల్లీకి అర్జీ రాయాల్సి వచ్చినప్పుడు మాట పడిపోతుంది. అన్నంభట్టు వర్గమైన నైయాయికులు నమ్మకానికి ఆధారం అడుగుతారు.

ఈ నలుగురూ పెద్దగా పట్టించుకోని సంగతి ఒకటి ఈ సీమ చూపిస్తోంది. దత్తాంశం తెలియనివాడి అవసరం. తెలిసినవాడూ తేల్చేవాడూ వేరువేరు మనుషులైనప్పుడే అది ఎక్కువగా పుడుతుంది. రైతు, రీడ్. హోసూరు తల్లి, విద్యాశాఖ. కెలవరపల్లి రైతు, కోర్టు. మెట్లన్నీ తేల్చేవాడి వైపు నుంచి గీసినవే. అందుకే వాటి అడుగున ముడి పదార్థం ఉన్నట్టు, పైన వివేకం ఉన్నట్టు కనిపిస్తుంది. తెలిసినవాడి వైపు నుంచి చూస్తే తన తెలివే ముక్కలై, గడుల్లోకి ఎక్కి, ఎవరిదో తీర్పై తిరిగి వస్తోంది.

తేలనివి

గడిలో పట్టనిదాన్ని తేల్చేవాడి దాకా ఎలా చేర్చాలన్నది తేలలేదు. కథలు, కైఫీయతులు ఆ పని కొంత చేశాయి, కానీ వాటిని చదివి ఉత్తర్వు రాసే శాఖ ఇంకా పుట్టలేదు. 40, 10, 15 అనే అంకెలను తిరిగి ఆలోచించాలా అన్నది కూడా అలాగే ఉంది. ఉన్న పిల్లలను బట్టి బడి, ఉన్న బడిని బట్టి పిల్లలు అన్న చక్రంలో ఏది ముందు కదలాలో ఏ శాతమూ చెప్పదు. యంత్రాల సంగతి వేరే పేచీ. అచ్చులో ఉన్న తెలుగునంతా మింగిన కృత్రిమ మేధ సమాచారాన్ని ఇట్టే అల్లుతుంది. మొరసునాటి తెలుగు అచ్చులో ఎంత ఉందో దానికి తెలిసింది అంతే.

వచ్చే జనగణనకు ఆధార తేదీ 2027 మార్చి 1. ఈసారి గణకుడి చేతిలో కాగితం బదులు మొబైల్ ఉంటుంది. హోసూరు, దేన్కనికోట, కృష్ణగిరి, బర్గూరు చదువరులకు ఒక మనవి. ఆయన గడప దగ్గరికి వచ్చినప్పుడు మాతృభాష గడిలో ఏం ఎక్కించాడో తెరమీద చూపించమని అడగండి. మీ అమ్మ మీతో ఏ భాషలో మాట్లాడిందో అదే చెప్పండి, అది తెలుగైనా, తమిళమైనా, కన్నడమైనా, ఉర్దూ అయినా. తరవాతి రెండు గడులూ ఖాళీగా వదలకుండా వచ్చిన భాషలు నింపించండి.